రెండు హుక్కుల సేఫ్టీ బెల్టు: మూడు వేలు పెట్టొచ్చా?

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో సేఫ్టీ సామాను దుకాణంలో బెల్టు అడిగితే ముందు కౌంటరు మీదికి వచ్చేది ఒకే తాడు, చిన్న హుక్కు ఉన్న రకమే. వెయ్యి అటూ ఇటూ. మేస్త్రీలు అదే పట్టుకెళతారు. రెండు తాళ్లు, పెద్ద స్కాఫోల్డ్ హుక్కులు, పడితే విచ్చుకుని కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ ఉన్న ఫుల్ బాడీ హార్నెస్‌కి (భుజాలకు, ఛాతీకి, తొడలకు పట్టీలుండే బెల్టు) బ్రాండును బట్టి సుమారు మూడు వేలు అవుతుంది. పరంజా పని ఉన్న సైటుకి కొనదగ్గది ఇదే. మొదటిది కొంటే ఆ వెయ్యీ దండగే.

తేడా అంతా హుక్కు నోటి దగ్గర ఉంది. పరంజా పైపు బయటి వ్యాసం 48.3 మిల్లీమీటర్లు. చిన్న హుక్కు అంత తెరుచుకోదు. దాంతో కూలీ తాడునే పైపుకి చుట్టి, హుక్కును మళ్లీ తాడుకే తగిలిస్తాడు. పైపులను కలిపే క్లాంపు అంచుకి తాడు ఒరుసుకుపోతుంది, హుక్కు మీద బరువు అడ్డంగా పడుతుంది. పైగా ఉన్నది ఒక్కటే తాడు కాబట్టి పైపు మారిన ప్రతిసారీ ఊడదీయాల్సిందే. రెండు తాళ్లుంటే ఒకటి తగిలించాకే రెండోది తీయొచ్చు.

ఇందులోనూ ఒక చిక్కుంది. ఖాళీ హుక్కు కాళ్లకు అడ్డం పడుతోందని నడుము రింగుకి తగిలించేస్తారు. అప్పుడు పడితే అబ్జార్బర్ విచ్చుకోదు, కుదుపంతా ఒంటికే. ఛాతీ పట్టీ మీద గట్టిగా లాగితే ఊడొచ్చే లూపు ఉన్న మోడల్ అడిగి తీసుకోండి.

తక్కువ ఎత్తులో ఇది పనికిరాదు. తాడు 2 మీటర్లు, విచ్చుకున్న అబ్జార్బర్ 1.75, వీపు రింగు నుంచి పాదాల దాకా మనిషి 1.5, కింద ఖాళీ మరో 1: హుక్కు నుంచి నేల దాకా మొత్తం 6.25 మీటర్లు కావాలి. కాళ్ల దగ్గరే తగిలిస్తే మొదటి రెండు అంతస్తుల్లో బెల్టు పట్టేలోపే నేల తగులుతుంది. అక్కడ డబ్బు రెయిలింగుకి పెట్టాలి. పైన కూడా హుక్కు తలకన్నా ఎత్తులో, గట్టి లైఫ్‌లైనుకి (బెల్టులు తగిలించడానికే కట్టే తాడు) పడాలి. స్లాబు కింద ఊతంగా నిలబెట్టే సెంట్రింగ్ జాకీకి తగిలిస్తే జాకీతో సహా కిందికొస్తాడు.

ఇక కాంట్రాక్టరు లెక్క. 1923 నాటి పరిహార చట్టం ప్రకారం ప్రాణం పోతే నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించేవారు. దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ సూత్రం అదే. వేతనం 15,000, వయసు 30 అనుకుంటే 7,500ను 207.98తో గుణించాలి: 15,59,850 రూపాయలు. ఆ డబ్బుకి ఇలాంటి బెల్టులు అయిదు వందలకు పైనే వస్తాయి. సబ్ కాంట్రాక్టు ఇచ్చేశాం అన్నా అసలు కాంట్రాక్టరుకి బాధ్యత తప్పదు. ఇన్సూరెన్సు ఉంది కదా అంటారు. అది పరిహారం కడుతుంది గానీ ఆగిపోయిన స్లాబుకి, ఊరికే నిలబడ్డ క్రేన్ కిరాయికి, భయపడి ఊళ్లకు వెళ్లిపోయిన కూలీలకు కట్టదు కదా!

కొనేటప్పుడు లేబుల్ మీద ఐఎస్ 3521 (ఈ బెల్టుల భారత ప్రమాణం), ఐఎస్ఐ గుర్తు, లైసెన్సు నంబరు చూడండి. ఆ నంబరును భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు. తొడిగాక వెనక తాడు తగిలించే డీ రింగు రెండు భుజాల ఎముకల మధ్య ఉండాలి, తొడ పట్టీలో అరచెయ్యి మాత్రమే పట్టాలి. సిమెంటు పాలు పట్టి బిరుసెక్కిన పట్టీ, వెల్డింగ్ నిప్పురవ్వలకు చిల్లులు పడింది, బకిల్ పోతే బైండింగ్ వైరుతో కట్టింది వాడకూడదు. మనిషి పడినప్పుడు ఒకసారి ఆపిన బెల్టును పట్టీలు కోసి మరీ పారేయండి. స్టోర్‌లో వదిలితే మర్నాడు ఇంకొకరు తొడుక్కుంటారు.