అందరూ తిట్టే విస్టా గురించి, ఎనిమిదేళ్ళు వాడిన మనిషిగా నా మాట

ఎక్కడ చూసినా చెత్త ఆపరేటింగ్ సిస్టమ్స్ అని ఒక లిస్టు వేస్తారు, అందులో ఖాయంగా మూడు పేర్లుంటాయి, విండోస్ ఎంఈ, విండోస్ విస్టా, విండోస్ 8. ఎంఈ నేను వాడలేదు కాబట్టి దాని గురించి మాట్లాడను. విండోస్ 8 ఆఫీసులో వాడా, దాని సంగతి కింద చెప్తా. విస్టా మాత్రం 2008 దసరాకి కొన్న లాప్‌టాప్‌లో 2016 దాకా వాడాను, ఏదో సరదాకి కాదు, రోజూ. ఆ లిస్టుల్లో దాని పేరు కనిపించిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. ఎందుకో చెప్పాలంటే మా అమ్మ పాటల ఫైలు సంగతి చెప్పాలి.

అద్దంలా కనిపించే ఏరో కిటికీలు, పక్కన గడియారం గాడ్జెట్లు, ఇవన్నీ అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. జనం ఎందుకు తిట్టారో నాకూ తెలుసు. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చాక అయిదేళ్ళు దాటిపోయి 2007 జనవరి 30న ఇది వచ్చింది, అప్పటికి జనానికి ఎక్స్‌పీ చేతికి బాగా అలవాటైపోయింది. ప్రింటర్ లాంటి వాటిని కంప్యూటర్‌తో కలిపే డ్రైవర్ల పద్ధతి మారిపోవడంతో పాత ప్రింటర్లు, స్కానర్లు చాలా పనిచేయడం మానేశాయి. పైగా 512 ఎంబీ ర్యామ్ ఉన్న మెషిన్లకి కూడా విస్టా కేపబుల్ అని స్టిక్కర్ అంటించి అమ్మారు, దాని మీద 2007లోనే అమెరికాలో కోర్టు కేసు కూడా పడింది. మా బావ ఇంట్లో ఉన్నది అలాంటి మెషినే, 512 ఎంబీ, ఆన్ చేసి స్నానం చేసి వచ్చినా ఇంకా హార్డ్ డిస్కు లైటు కొట్టుకుంటూనే ఉండేది. ఆయన ఈ రోజుకీ విస్టా పేరెత్తితే కోప్పడతాడు, ఆయన కోపంలో తప్పేం లేదు. నాది 2 జీబీ ర్యామ్, పైగా సర్వీస్ ప్యాక్ 1 (తప్పులు సరిచేసిన పెద్ద అప్‌డేట్) వేసే ఇచ్చారు కాబట్టి మొదట్లో ఉన్న ఫైలు కాపీ నత్తనడక లాంటివి నేను పెద్దగా చూడలేదు. ఈ తేడా ముందే చెప్పేస్తున్నా, తర్వాత నేను చెప్పేదంతా దీన్ని దృష్టిలో పెట్టుకుని చదవండి.

నేను లాప్‌టాప్ కొన్న అసలు కారణం ఆఫీసు పని కాదు. మా అమ్మమ్మ రాసిపెట్టుకున్న నోటుబుక్కు ఒకటి ఉండేది, పెళ్ళి పాటలు, అలక పాటలు, అప్పగింతలవి, లాలి పాటలు, వ్రతాల హారతులు అన్నీ అందులోనే. సిరా వెలిసిపోయి, అంచులు పొడి అయిపోతున్నాయి. సగం పాటలు అందులో మొదటి రెండు చరణాలే రాసి ఉండేవి, మిగతాది అమ్మకి నోటికొచ్చు. సాయంత్రం అన్నాలయ్యాక అమ్మ పాడుతుంటే నేను టైప్ చేసేవాణ్ణి. "ఒరేయ్, అక్కడ సాగదీయాలి, అది పొట్టి అక్షరం కాదు" అని పక్కన కూర్చుని దిద్దేది. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే లేఖినిలో టైప్ చేసి వర్డ్‌లోకి తెచ్చుకునేవాణ్ణి, ఎక్స్‌పీలో అయితే తెలుగు సరిగ్గా కనబడాలంటే కాంప్లెక్స్ స్క్రిప్ట్ అని ఒక టిక్కు పెట్టి, అది సీడీ అడిగితే సీడీ వెతికి పెట్టాలి, విస్టాలో ఆ గొడవే లేదు, పెట్టె తెరవగానే గౌతమి ఫాంటుతో తెలుగు చక్కగా వత్తులతో సహా వచ్చేసింది. ఆ ఒక్కదానికే మొదటి వారంలో నేను దానికి ఫిదా అయిపోయా.

2009 సంక్రాంతికి మా పెద్దమ్మ వచ్చింది, అమలాపురం దగ్గర పల్లెటూరు వాళ్ళది. ఆవిడ ఉన్న పది రోజుల్లో అమ్మకి కూడా తెలియని ఏడు పాటలు పాడింది, అందులో ఒకటి వియ్యపురాలిని ఆట పట్టించే పాట, పదహారు చరణాలు, పాడుతూ పాడుతూ ఇద్దరూ నవ్వి నవ్వి ఏడ్చారు. రికార్డు చేద్దామంటే ఆవిడ సిగ్గుపడి నోరు మూసేసుకునేది, అందుకని టైప్ చేయడమే. ఆ ఫాల్గుణంలోనే పెద్దమ్మ పోయింది. ఆ ఏడు పాటలు మా ఇంట్లో ఇంకెవరికీ రావు, ఫైల్లో తప్ప ఎక్కడా లేవు.

ఇక మే నెల. ఫైలు నూట పన్నెండు పేజీలైంది, అమ్మ పుట్టినరోజుకి ప్రింటు తీసి బైండు చేయించి ఇద్దామనుకున్నా. ఇంట్లో ప్రింటర్ ఉంది కానీ విస్టాకి డ్రైవర్ లేదు, ఆ ప్రింటర్ కంపెనీ వాళ్ళు పాత మోడల్ అని ఇవ్వనే లేదు. అందుకని పెన్‌డ్రైవ్ పట్టుకుని వీధి చివర నెట్ సెంటర్‌కి వెళ్ళా. అక్కడ ఎక్స్‌పీ, ఫైలు తెరిస్తే తెలుగు మొత్తం డబ్బాలు డబ్బాలు. పైగా చూస్తే ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది నవంబరులో ఎక్కించిన పాత కాపీ, నలభై పేజీలది. ఇంటికొచ్చి కొత్త ఫైలు పీడీఎఫ్ చేసి తీసుకెళ్దాంలే అనుకుని, ముందు పెన్‌డ్రైవ్‌లోకి కొత్తది ఎక్కిద్దామని లాగాను. ఇటు నుంచి అటు లాగాల్సింది అటు నుంచి ఇటు లాగాను.

ఆ పేరుతో ఫైలు ఉంది, ఏం చెయ్యమంటావు అని విస్టా అడిగింది. నిజం చెప్పాలంటే బాగానే అడిగింది, రెండు ఫైళ్ళ తేదీలూ సైజులూ పక్కపక్కన చూపించి, మార్చెయ్యమంటావా, వద్దా, రెండూ ఉంచమంటావా అని మూడు దారులిచ్చింది. నేను చదవలేదు. పైనున్నది నొక్కేశాను. ఎందుకు చదవలేదంటే దానికి కూడా విస్టాతోనే సంబంధం ఉంది, ఏ చిన్న ప్రోగ్రామ్ వేసినా స్క్రీన్ మొత్తం మసకబారిపోయి కంటిన్యూ అంటావా అని అడిగే ఆ యూఏసీ గొడవ ఉంది చూశారా, ఏడెనిమిది నెలలు రోజుకి పదిసార్లు అది నొక్కి నొక్కి, ఏ బాక్సు వచ్చినా చదవకుండా నొక్కేసే అలవాటు చేతికి పట్టేసింది. మరీ ఎక్కువగా హెచ్చరిస్తే మనిషి వినడం మానేస్తాడు, జనం యూఏసీని విసుక్కున్నారు గానీ దానిలో అసలు నష్టం ఇదీ అని నాకు ఆ రోజు తెలిసింది.

ఫైలు తెరిస్తే నలభై పేజీలు. రీసైకిల్ బిన్‌లో చూశా, లేదు, పైన రాసేస్తే బిన్‌లోకి ఎందుకొస్తుంది. అన్‌డూ చేసినా రాలేదు. చేతులు చల్లబడిపోయాయి. అమ్మ వంటింట్లో ఉంది, పప్పు తిరగమోత వేస్తోంది, ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది నాకు. పెద్దమ్మ పాటలు పోయాయని అమ్మకి ఎలా చెప్పాలో తెలియక ఒక అరగంట అలా కూర్చుండిపోయా. మిగతావి అమ్మ మళ్ళీ పాడుతుంది, ఆ ఏడూ ఎవరు పాడతారు?

హైదరాబాదులో సిస్టమ్స్ పని చేసే మా చిన్నాన్న కొడుక్కి ఫోన్ చేశా. వాడు మొదట అడిగిన మాట, "అన్నయ్యా, నీది హోమా బిజినెస్సా?" నాకేం తెలుసు, కంప్యూటర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేయించి చూడమన్నాడు, విస్టా బిజినెస్ అని ఉంది. "అయితే ఏమీ ముట్టుకోకు, ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్ళు, ప్రీవియస్ వెర్షన్స్ అని ట్యాబ్ ఉంటుంది" అన్నాడు. ఎనిమిది నెలలుగా వాడుతున్నా ఆ ట్యాబ్ ఉందని నాకు తెలియదు. నొక్కా. ఒక పచ్చ గీత నెమ్మదిగా సాగింది, తర్వాత వరసగా తేదీలు. నిన్నటిది, మొన్నటిది, అటు మొన్నటిది, అలా పదమూడు ఉన్నాయి. నిన్నటి దాని మీద ఓపెన్ నొక్కా.

నూట పన్నెండు పేజీలు. వియ్యపురాలి పాట పదహారు చరణాలూ ఉన్నాయి. లేచి వంటింట్లోకి వెళ్ళి అమ్మ పక్కన ఊరికే నిలబడ్డా. "ఏంట్రా, ఆకలేస్తోందా?" అంది. ఆ సాయంత్రం అంతా చెప్పాను, చెప్పకుండా ఉండలేకపోయా.

తర్వాత ఇది ఎలా పనిచేస్తుందో కూర్చుని చదువుకున్నా. విస్టా రోజుకొకసారి తనంతట తను రీస్టోర్ పాయింట్, అంటే వెనక్కి వెళ్ళడానికి ఒక గుర్తు, పెట్టుకుంటుంది, అప్పుడు సిస్టమ్ ఫైళ్ళే కాదు, మొత్తం డ్రైవ్‌కి షాడో కాపీ, అంటే ఆ క్షణంలో ఉన్న రూపం, ఉంటుంది. ఆ తర్వాత డిస్కు మీద ఏ ముక్క మారితే ఆ ముక్క పాత రూపం మాత్రం పక్కన దాస్తుంది, అందుకే మొత్తం ఫైళ్ళు రెండింతలు చోటు తినవు. దానికి డిస్కులో దాదాపు 15 శాతం దాకా వాడుకుంటుంది, నిండితే పాతవి చెరిపేస్తుంది. మనం ఏదీ సెట్ చెయ్యక్కర్లేదు, బ్యాకప్ అనే మాట కూడా తెలియక్కర్లేదు. నాలాంటి వాడికి ఇంతకంటే ఏం కావాలి. విండోస్ 7ని అందరూ మెచ్చుకుంటారు, నేనూ ఒప్పుకుంటా, ఆ ట్యాబ్ దాంట్లో హోమ్ వాళ్ళకి కూడా ఇచ్చారు, కానీ రీస్టోర్ పాయింట్ తనంతట తను పెట్టుకునేది వారానికి ఒకసారికి తగ్గించేశారు. విండోస్ 8లో అయితే మన సొంత డిస్కులో ఫైళ్ళకి ఆ ట్యాబే తీసేశారు. స్టార్ట్ బటన్ తీసేశారని లోకమంతా గోల చేసింది, అది 8.1లో వెనక్కి తెచ్చారు కూడా, ఈ ట్యాబ్ పోయిందని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు విండోస్ 8 మీద ఉన్న కోపం మొత్తం అదే. ఫైల్ హిస్టరీ అని వేరేది ఇచ్చారు గానీ దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి, ఇంకో డ్రైవ్ పెట్టుకోవాలి, ఆ జాగ్రత్త ఉన్నవాడు అసలు ఫైలు పోగొట్టుకోడు కదా. 10లో ట్యాబ్ మళ్ళీ వచ్చింది, కానీ చాలా మెషిన్లలో ఈ రీస్టోర్ పాయింట్లు పెట్టే సిస్టమ్ ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి తెరిస్తే ఖాళీగా కనిపిస్తుంది.

ఇంత పొగిడాను కదా, ఇప్పుడు కొంచెం వెనక్కి తగ్గాలి, ఎందుకంటే ఆ రోజు నాకు కలిసొచ్చిన సంగతులు చాలా ఉన్నాయి.

మొదటిది ఆ బిజినెస్ ఎడిషన్. నేనేం చూసి కొనలేదు, షాపులో ఆ రోజు ఉన్నది అది. మా బావ మెషిన్లో హోమ్ బేసిక్, అక్కడ ఇదే పని జరిగి ఉంటే ఆ ట్యాబే ఉండేది కాదు, షాడో కాపీ లోపల ఉన్నా తెరిచే దారి ఉండదు. రెండోది ఇంకా పెద్దది. మన దగ్గర చాలా షాపుల్లో మెషిన్ కొంటే సీ, డీ, ఈ అని మూడు ముక్కలు చేసి ఇస్తారు, సీ ఎప్పుడైనా ఫార్మాట్ కొట్టాల్సి వస్తుంది సార్, మీ ఫైళ్ళు డీలో పెట్టుకోండి అని చెప్తారు, మనమందరం అలాగే పెట్టుకుంటాం. విస్టా మామూలుగా కాపలా కాసేది సీ డ్రైవ్‌ని మాత్రమే. నా లాప్‌టాప్ ఎలా వచ్చిందో అలాగే ఒకటే డ్రైవ్‌తో వాడేశా, పాటలు డాక్యుమెంట్స్‌లోనే ఉన్నాయి, అందుకని దొరికాయి. అందరూ చెప్పిన మంచి మాట విని డీలో పెట్టుకుని ఉంటే పెద్దమ్మ పాటలు పోయేవి.

మూడోది నేను చేతులారా తెచ్చుకున్నది. ఆ ప్రింటర్ బాధ భరించలేక 2010లో ఒక ఫ్రెండుతో చెప్పి పార్టిషన్ చేయించి పక్కన ఎక్స్‌పీ కూడా వేయించా. ప్రింట్లు వచ్చాయి, సంతోషం. కొన్నాళ్ళకి ఒక లాలి పాటలో అమ్మ దిద్దించిన చరణం పాతది కావాలంటే ఆ ట్యాబ్ తెరిచా, ఒక్క తేదీ లేదు. చాలా వెతికాక తెలిసింది, ఒకే మెషిన్లో ఎక్స్‌పీ బూట్ చేసిన ప్రతిసారీ అది విస్టా పెట్టుకున్న రీస్టోర్ పాయింట్లన్నీ చెరిపేస్తుందట. ఎక్స్‌పీకి ఆ కొత్త పద్ధతి అర్థం కాదు, అంతే. నేను ప్రింటు తీసిన ప్రతిసారీ పాత వెర్షన్లన్నీ పోతున్నాయన్నమాట, నాకు ఒక్క మాట చెప్పిన నాథుడు లేడు. ఆ చరణం అమ్మకి కూడా మళ్ళీ గుర్తు రాలేదు. ఎక్స్‌పీ తీసేయించి, ప్రింటర్ వేరే వాళ్ళకి ఇచ్చేశా.

ఇంకోటి, ఈ షాడో కాపీలన్నీ అదే డిస్కులో ఉంటాయి. డిస్కు పోతే అన్నీ పోయినట్టే. 2016లో నా డిస్కు టకటకమని చప్పుడు మొదలుపెట్టింది, అప్పటికి నాకు బుద్ధి వచ్చి రెండు పెన్‌డ్రైవ్‌లు, ఒక మెయిల్, మా చెల్లి లాప్‌టాప్ ఇన్ని చోట్ల కాపీలున్నాయి కాబట్టి ఏమీ పోలేదు. ఆ మరుసటి ఏడు ఏప్రిల్ 11తో విస్టాకి సపోర్టు కూడా ఆగిపోయింది, నాది ఒక అయిదారు నెలలు ముందే ఆగింది.

కాబట్టి విస్టా మంచిదా అని అడిగితే నేను అవునని గట్టిగా చెప్పలేను. నేను గేములు ఆడలేదు, వీడియోలు ఎడిట్ చెయ్యలేదు, నా పని అంతా అక్షరాలతోనే, ర్యామ్ సరిపడా ఉంది, ఎడిషన్ సరైనది పడింది, ఫైలు సరైన డ్రైవ్‌లో పడింది. వీటిలో ఏ ఒక్కటి తప్పినా బహుశా నేనూ మా బావలాగే తిట్టేవాణ్ణేమో. కానీ నా వరకు చెత్త ఓఎస్‌ల లిస్టులో దాన్ని పెట్టడానికి నాకు చెయ్యి రాదు. పాటల పుస్తకం ఇప్పుడు నూట నలభై పేజీలైంది, స్పైరల్ బైండు, అమ్మ దేవుడి గూట్లో పెట్టుకుంది. మొన్న మా మేనకోడలి పెళ్ళిలో వియ్యపురాలి పాట అందులో చూసి పాడారు, పదహారు చరణాలూ.

మీలో ఎవరి మెషిన్లోనైనా తెలుగులో టైప్ చేసి పెట్టుకున్న ఇలాంటి ఫైలు ఉంటే, ఇప్పుడు దాని మీద రైట్ క్లిక్ చేసి ఆ ట్యాబ్ ఒకసారి తెరిచి చూడండి, ఖాళీగా ఉంటే ఈ రాత్రే ఇంకో చోట కాపీ పెట్టుకోండి.