తీపి చేదైన బొద్దింకలు: రెండేళ్ళు జెల్ వాడాక

సిరంజిలో వచ్చే బొద్దింకల జెల్ (తీపి ఎరలో మందు కలిపింది) గురించి ఎవరు అడిగినా మొదటి ఎనిమిది నెలలూ నా జవాబు ఒకటే: కళ్ళు మూసుకుని కొనండి. ఇప్పుడు ఆ మాట అనను. కొనండి గానీ కళ్ళు తెరుచుకునే ఉండండి. అదీ రాత్రి పదకొండు దాటాక, టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుని.

ఇదంతా చిన్న బొద్దింకల సంగతి. జర్మన్ బొద్దింక అంటారు దాన్ని. 13 నుంచి 16 మిల్లీమీటర్ల పొడవు, లేత గోధుమ రంగు, తల వెనకుండే డాలులాంటి పలక మీద రెండు నల్లటి నిలువు గీతలు. పిల్లలకి రెక్కలుండవు, ఒళ్ళంతా నల్లగా ఉండి నడి వీపున లేత చార కనిపిస్తుంది. చాలామంది వీటిని వేరే పురుగనుకుని వదిలేస్తారు. డ్రైనేజీ జాలీలోంచి వచ్చే పెద్ద ఎర్ర బొద్దింక లెక్క వేరు. దానికి జెల్ కన్నా జాలీకి మూత, తలుపు కింద రబ్బరు పట్టీ ఎక్కువ పనిచేస్తాయి. పొట్టని చిన్న జెండాలా పైకీ కిందికీ ఆడిస్తూ తిరిగే నల్లటి కందిరీగ ఇంట్లో కనబడిందంటే, పెద్ద బొద్దింకల గుడ్ల తిత్తులు దగ్గర్లోనే ఎక్కడో ఉన్నట్టు లెక్క. అది గుడ్లు పెట్టేది ఆ తిత్తుల్లోనే. మనల్నేమీ చెయ్యదు, చంపకండి.

ఇక జెల్ ఎందుకంత నచ్చిందో చెప్పాలి. స్ప్రే కొడితే కళ్ళెదుట ఉన్నవి చస్తాయి, మిగతావి చెదిరి పక్క గదికి పోతాయి. జర్మన్ బొద్దింక తల్లి గుడ్ల తిత్తిని పొదగబోయే ముందుదాకా ఒంటికి తగిలించుకునే తిరుగుతుంది, ఒక్కో తిత్తిలో 30 నుంచి 40 గుడ్లు. ఆ సమయంలో అది బయటికి రావడం తక్కువ, తినడమూ తక్కువ. అంటే అసలు చావాల్సినదే స్ప్రేకి దొరకదు. జెల్ దారి వేరు. అందులో మందు నెమ్మదిగా పనిచేస్తుంది. తిన్న బొద్దింక ఇల్లు చేరి, తన సందులోనే చస్తుంది. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లలు సందు దాటి పెద్దగా బయటికి రావు, పెద్దవాటి రెట్టలే వాటికి తిండి. ఆ రెట్టల్లోనూ, చచ్చినదాని ఒంట్లోనూ మందు ఉంటుంది. జెల్ చుక్క మొహం చూడని పిల్ల కూడా దాంతోనే పోతుంది. స్ప్రేతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టినవాళ్ళకి ఇది గారడీలా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. పొగడ్తంతా అక్కణ్ణుంచి పుట్టిందే.

పెట్టే పద్ధతిలో చాలామంది తప్పేది పరిమాణం దగ్గర. పెసరగింజంత చుక్క చాలు. ఉసిరికాయంత ముద్ద పెడితే పైన పొర కట్టి ఎండుతుంది, లోపలిది వృథా. పది పెద్ద ముద్దల కన్నా నలభై చిన్న చుక్కలు నయం, ఎందుకంటే పిల్లలు అడుగు దూరం కూడా పోవు. చుక్క వాటి దారిలో, సందు నోటి దగ్గరే ఉండాలి. కబోర్డ్ తలుపు బందుల లోపలి వైపు, సింక్ గిన్నె అంచు కింద, ఫ్రిజ్ వెనక కంప్రెసర్ అర చుట్టూ (సరిగ్గా కంప్రెసర్ మీద కాదు, ఆ వేడికి రెండు రోజుల్లో గట్టిపడుతుంది), ఓవెన్ కాళ్ళ దగ్గర, సొరుగు తీసేస్తే కనిపించే పట్టాల వెనక. ఎక్కడ పెట్టాలో తెలియకపోతే మిరియం పొడి చల్లినట్టుండే నల్లటి మచ్చల కోసం చూడండి, అవి రెట్టలు. వాటి పక్కనే పెట్టండి. తిండి వండే గట్టు మీదా, పిల్లల చేతికో పెంపుడు జంతువుల మూతికో అందే చోటా మాత్రం వద్దు. మొదటి విడత పెట్టిన మూడు నాలుగు వారాలకి రెండో విడత తప్పదు. తిత్తిలో గుడ్లు పొదగడానికి దాదాపు 4 వారాలు పడుతుంది, మొదటిసారి తిననివాళ్ళ సంతానం అప్పుడు దిగుతుంది.

పనిచేస్తోందో లేదో కంటితో చెప్పడం కష్టం, జిగురు అట్టలే చెప్పాలి. గోడ అంచుకి ఆనించి పెట్టాలి, నేల మధ్యలో పెడితే ఏమీ పడవు. వారానికోసారి లెక్కపెట్టి అట్ట మీదే తేదీ రాసుకోవాలి. ఎన్ని పడ్డాయన్నదే కాదు, ఏ అంచున పడ్డాయో కూడా చూడాలి. పిల్లలన్నీ ఒకే అంచున పడితే గూడు అటువైపే, అదీ చాలా దగ్గర్లో.

ఇలా ఎనిమిది నెలలు అట్టలు దాదాపు ఖాళీగా ఉన్నాయి. తొమ్మిదో నెలలో మళ్ళీ నిండడం మొదలైంది. జెల్ అదే, చోట్లు అవే, చేయీ అదే. పాత చుక్కలు ఎండాయేమోనని కొత్తవి పెడితే తెల్లారేసరికి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అంచున కొరికిన గుర్తు కూడా లేదు.

ఇలాంటప్పుడు ఎవరికైనా మొదట తట్టే అనుమానం మందు పాతబడిందని. రెండోది, ఇంట్లో ఎవరో స్ప్రే కొట్టారని. రెండోది నిజంగానే ఎక్కువ కొంపలు ముంచుతుంది. స్ప్రేల్లో ఉండే పిరెత్రాయిడ్ మందులు చాలావరకు బొద్దింకని తరిమేవే. జెల్ దగ్గర్లో ఆ వాసన ఉంటే అటు రావు. ఘాటైన ఫ్లోర్ క్లీనరుతో తుడిచిన బందుల మీదా అంతే. ఇక్కడ ఆ రెండూ కావు. అందుకే ఎర్ర కాగితం. బొద్దింక కంటికి ఎరుపు సరిగా ఆనదు, ఎర్రటి వెలుతురులో పారిపోకుండా తన పని తను చేసుకుంటుంది.

కబోర్డ్ బందు దగ్గర అలా చూస్తే విషయం అరగంటలో తేలింది. బొద్దింకలు చుక్క దగ్గరికి వస్తున్నాయి, బాగానే వస్తున్నాయి. మీసాలతో తడిమి మూతి ఆనిస్తున్నాయి. ఆనించీ ఆనించగానే వేడి పెనం తగిలినట్టు వెనక్కి గెంతి, నోరు తుడుచుకుని పోతున్నాయి. వాసనకి వచ్చి రుచికి పారిపోతున్నాయన్నమాట. మందుకి మొద్దుబారడం వేరు, ఎరనే వద్దనడం వేరు.

ఇది తెలిసిన సంగతే, కాకపోతే జెల్ డబ్బా మీద ఎవరూ రాయరు. 1980ల చివర్లో ఫ్లోరిడాలోని ఒక అపార్ట్‌మెంట్‌లో ఎర ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. జూల్స్ సిల్వర్‌మన్ అనే కీటక శాస్త్రవేత్త అక్కడి బొద్దింకల్ని పట్టి పెంచి, అవి వద్దంటున్నది మందుని కాదు, ఎరలో తీపి కోసం కలిపిన గ్లూకోజ్‌నని తేల్చాడు. ఆ గుణం నేర్చుకున్నది కాదు, తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చేది. ఆ పని 1993లో అచ్చయింది, ఆ గుణానికి అసలు కారణం మాత్రం 2013లో దొరికింది. నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీ బృందం (అందులో సిల్వర్‌మన్ కూడా ఉన్నాడు) ఆ బొద్దింకల మూతి నరాల్ని పరీక్షిస్తే, మామూలుగా చేదుకి స్పందించే నరాలే గ్లూకోజ్‌కీ స్పందిస్తున్నాయని తేలింది. మనకి తీపి, వాటికి కాకరకాయ. ఆ గుణం ఉన్న ఒకటో రెండో ముందునుంచీ ఉండి ఉంటాయి. తీపి తిన్నవన్నీ చచ్చాక మిగిలిన వంశం వాటిదే. పిట్టకథ ఒకటి: మగ బొద్దింక జత కట్టే ముందు వీపు మీద తియ్యటి ద్రవం వడ్డిస్తుంది. ఈ రకం ఆడవాటికి అది నోట్లో పడగానే లాలాజలంతో గ్లూకోజ్‌గా మారి చేదెక్కుతుంది, విందు మధ్యలోనే లేచిపోతాయి. కాపురాలకే ఇబ్బంది వచ్చిందంటే మన జెల్ ఏపాటిది.

కారణం ఊహించడం కాదు, తేల్చుకోవాలి. ఖర్చులేని పరీక్ష ఉంది. మూడు గాజు సీసాలు తీసుకుని లోపలి అంచుకి రెండు వేళ్ళ వెడల్పున పెట్రోలియం జెల్లీ పల్చగా పూయండి, ఎక్కలేవు. ఒక్కోదానిలో ఆరేడు పెద్ద బొద్దింకలు, తడిపిన దూది ఉండ, దాక్కోవడానికి మడిచిన అట్టముక్క, తీపి కాని తిండి కొంచెం. మొదటి సీసాలో ఇంకేమీ వద్దు. రెండోదానిలో పాత జెల్ చుక్క, మూడోదానిలో వేరే కంపెనీ జెల్ చుక్క. ముట్టుకునే పనంతా చేతి తొడుగులతోనే. మూడు రోజులు చూడండి. మొదటి సీసాలోవే చస్తుంటే పరీక్షే చెడింది, ముందెప్పుడో స్ప్రే తగిలి ఉంటుంది. జెల్ తిని చస్తే జెల్ బాగానే ఉంది, తప్పు మీరు పెట్టిన చోటుది. తిని కూడా తిరుగుతుంటే మందుకి మొద్దుబారాయి, మందు మార్చాలి. తినకుండా తిరుగుతుంటే ఎర నచ్చలేదు, ఎర మార్చాలి.

ఇక్కడ రెండో సీసాలో మూడో రోజుకీ చుక్క చెక్కుచెదరలేదు, బొద్దింకలూ చెక్కుచెదరలేదు. మూడోదానిలో మర్నాటికి చుక్క సగమైంది, నాలుగు వెల్లకిలా పడ్డాయి. రెండింటిలోనూ మందు ఒకటే, ఫిప్రోనిల్ 0.05 శాతం. తేడా అంతా ఎరలో ఉంది, విషంలో కాదు. డబ్బా మీద విషం పేరు, శాతం పెద్దక్షరాల్లో ఉంటాయి. తీపి ఏమిటో చిన్నక్షరాల్లో కూడా ఉండదు. నా కోపమంతా దీనిమీదే. కొనేవాడు ఏది చూసి కొనాలి?

ఎర మార్చాక మూడు వారాల్లో అట్టలు మళ్ళీ ఖాళీ అయ్యాయి. ఈసారి మాత్రం పొగడ్త దాచుకున్నాను. ఎర మార్చడం సగం పనే, మందు రకం కూడా మారుస్తూ ఉండాలి. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్, ఇండోక్సాకార్బ్ ఒక్కోటి ఒక్కో తీరుగా పనిచేస్తాయి. మొదటి రెండూ నరాల్లోనే వేర్వేరు చోట్ల పట్టుకుంటాయి. ఇండోక్సాకార్బ్ పురుగు ఒంట్లోకి వెళ్ళి, దాని ఎంజైములే మార్చాక అసలు విషమవుతుంది. ఒకటి అయ్యాక ఇంకోటి అంటే పేరు మారిన డబ్బా కాదు, రకం మారిన మందు. అలాగని నాలుగు రకాలు కలిపి ఒకేసారి కొట్టడమూ మంచిది కాదు. 2019లో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళు అచ్చేసిన అధ్యయనంలో కొన్నిచోట్ల ఒక్క తరంలోనే బొద్దింకలు తాము ఎదుర్కోని మందులకి కూడా తట్టుకునే శక్తి తెచ్చుకున్నాయి. వాడబోయే మందు అక్కడి బొద్దింకల మీద పనిచేస్తుందో లేదో ముందే సీసాలో చూసుకోవడం అందుకే.

మొదట్లో “జెల్ ఒక్కటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు” అనేవాణ్ణి. అది సగం నిజం. పక్కన తినడానికి వేరే తిండి దొరికినంతకాలం ఏ ఎరా గెలవదు. స్టవ్ కింద నూనె జిడ్డు, సింక్‌లో రాత్రంతా నానే గిన్నెలు జెల్‌కి పోటీ. నీళ్ళ మాట ఇంకా ముఖ్యం. తిండి లేకపోయినా వారాలు గడుపుతాయి గానీ నీళ్ళు లేకపోతే అంతకాలం ఆగలేవు. కారే కుళాయి వాషర్ మార్చకుండా జెల్ మీద జెల్ పెట్టడం దండగ. గోడ సందుల్లో బోరిక్ పౌడర్ మంచి తోడు, కానీ కుప్పగా పోస్తే చుట్టూ తిరిగి పోతాయి. ఊదితే పడేటంత పల్చగా, పొడిగా ఉండే చోట వేయాలి. కాళ్ళకి అంటుకున్నది నోటితో శుభ్రం చేసుకుంటూ మింగుతాయి. తడిస్తే గడ్డ కట్టి పనికిరాదు.

సాలీళ్ళ సంగతి కూడా కొందరు అడుగుతారు. జెల్ వాటిని ఏమీ చెయ్యదు, అవి చుక్కని తినవు. కాళ్ళ కొసల మీద నడుస్తాయి కాబట్టి గోడకి కొట్టిన స్ప్రే కూడా పెద్దగా అంటదు. గూడుతో పాటు తెల్లటి గుడ్ల ఉండని కూడా వ్యాక్యూమ్‌తో లాగేయడమే పని. గోడ మీద చదునుగా కాళ్ళు చాపుకుని కూర్చునే పెద్ద సాలీడు గూడు కట్టదు, బొద్దింకల్ని వేటాడి తింటుంది. దాన్ని ఉండనిస్తారో పంపేస్తారో మీ ఇష్టం. నేను ఉండనిస్తాను, ఇంట్లో అందరూ ఒప్పుకోరు.

ఇప్పుడు కొనమంటానా అంటే, మీ గోడల్ని బట్టి. విడిగా ఉన్న ఇల్లయితే కొనండి, రెండు విడతల్లో తేలిపోవచ్చు. పక్కింటితో గోడలూ పైపులూ పంచుకునే చోట మీరొక్కరే పెడితే గూళ్ళు అవతల ఉంటాయి, ఎప్పటికీ పెడుతూనే ఉండాలి. పాకే పిల్లలుంటే చుక్కలు బందుల లోపలే ఉండేలా చూడండి, లేదా మూత ఉన్న ఎర డబ్బీలు తీసుకోండి. అవి కొంచెం నెమ్మది. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే చంపడంతో పని అయిపోదు. చచ్చిన బొద్దింకల ఒంటి పొట్టు, రెట్టలే ఆయాసాన్ని రేపుతాయి. సందులన్నీ తడి గుడ్డతో తుడవాలి. జెల్ ప్రకటనలో ఈ ముక్క ఉండదు.

ప్రస్తుతం సింక్ కింద రెండు అట్టలున్నాయి. పోయిన వారం ఒకదానిలో ఒకే ఒక్క పిల్ల పడింది, గ్యాస్ పైపు గోడలోకి పోయే వైపు అంచున. అక్కడ పైపు చుట్టూ వేలు దూరేంత సందు ఉంది. సీలెంట్ పూసే ముందు లోపలికి రెండు చుక్కలు పెట్టాను, ఈసారి ఇండోక్సాకార్బ్.