గండికోట దారిలో కిందికి జారిన నీళ్ల ట్యాంకు

కర్నూలు నుంచి గండికోట దాకా కారు వెనక ట్రైలర్ కట్టుకుని వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, మా బావమరిది. ఎక్కడ ఆగాలి, ఏం తినాలి అన్నవి దారిలో ఎలాగోలా తేలిపోతాయి. నీళ్ల సంగతి అలా కాదు. సీమలో డిసెంబరులో కూడా మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది. స్నానానికీ, వంటకీ, గిన్నెలకీ సరిపడా నీళ్లు వెంట ఉంటేనే నచ్చిన చోట రాత్రి ఆగగలం.

కర్నూలు ఊళ్లోకి ట్రైలర్ తీసుకెళ్లకండి. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల రద్దీలో మలుపు తిప్పుకోవడం నరకం. బండి ఊరి బయట పెట్టి ఆటోలో వెళ్లి చూసిరావడం మేలు. నంద్యాల వైపు జాతీయ రహదారి 40 మీద ఉన్న ఓర్వకల్లు రాక్ గార్డెన్ మాత్రం మాలాంటి వాళ్లకు చక్కగా సరిపోతుంది. రోడ్డు పక్కనే, బండి నిలపడానికి చోటుంది, రాళ్ల మధ్య నీటి గుంట దగ్గర గాలి బాగుంటుంది. అయితే పొద్దున్నే వెళ్లాలి. పదకొండు దాటితే ఆ రాళ్లే సెగలు కక్కుతాయి.

అక్కణ్నుంచి బనగానపల్లె మీదుగా బెలుం గుహలకు వెళ్లాం. గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో మనల్ని తిరగనిచ్చేది ఒకటిన్నర కిలోమీటర్ల దాకా. లోపల ఉక్కపోత ఎక్కువ. గుహల్లో అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ దాకా దిగి వచ్చేసరికి మా ఆవిడ చీర కొంగు పిండితే నీళ్లొచ్చేలా ఉంది. చిన్నపిల్లలకూ ఆయాసం ఉన్నవాళ్లకూ ఇబ్బందే. అయినా నన్నడిగితే, ఈ దారిలో ఒక్కటే చూడగలమంటే బెలుమే చూడమంటాను.

బయటికొచ్చి చూస్తే ట్రైలర్ కింద మట్టి తడిసి ఉంది. మా బావమరిది వెల్లకిలా పడుకుని టార్చి వేశాడు. ట్రైలర్ కింద బిగించిన నీళ్ల ట్యాంకును మోసే రేకు పట్టీలు మధ్యలో ఉయ్యాలలా వంగిపోయాయి. ట్యాంకు పైభాగానికీ ట్రైలర్ ఇనుప చట్రానికీ (ఛాసీ) మధ్య మామూలుగా వేలు దూరదు, ఇప్పుడు అరచెయ్యి పట్టేంత సందు. ఒక పట్టీ బోల్టు దగ్గర చీలి, ట్యాంకు రాసుకున్న చోట రంగు పోయి ఇనుము తళతళా మెరుస్తోంది. కిందికి దిగిన ట్యాంకు పైపును లాగడంతో పైపు మలుపు దగ్గర నీళ్లు కారుతున్నాయి.

మా ట్యాంకు 120 లీటర్లది. నిండితే నీళ్లే 120 కిలోలు. బండి గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ బరువు పట్టీల మీద అంతకంత పడుతుంది. అంత బరువుకు మాకు ట్రైలర్ చేసిచ్చినవాళ్లు వేసింది 3 మిల్లీమీటర్ల మందం, 40 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీలు, అదీ పడుకోబెట్టి. అదే పట్టీని అంచు మీద నిలబెడితే వంగకుండా ఆగే బలం 170 రెట్లు దాటుతుంది. ఇనుము కొరత కాదిది, ఆలోచన కొరత. డబ్బు పుచ్చుకుని ఇలాంటి పని చేసినందుకు నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

నీళ్లు సగానికి పైగా వదిలేసి, టెన్షన్ పడుతూనే మెల్లగా తాడిపత్రి చేరాం. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లు ఉండటంతో లారీలకు కొదవలేదు, లారీ పని తెలిసిన షెడ్లకూ కొదవలేదు. ఒక షెడ్డులో పెద్దాయన కింద దూరి చూసి, ‘వెల్డింగ్ అంటిస్తే ఇప్పుడే అయిపోతాది సార్. రెణ్ణెల్లకు మళ్లా జారతాది. నీళ్లన్నీ ఇడ్సండి, ట్యాంకు దించుదాం’ అన్నాడు. ఆ మాటతోనే నాకు ధైర్యం వచ్చింది.

ట్యాంకు దించాక గానీ వెల్డింగ్ మిషన్ ముట్టుకోలేదు. ప్లాస్టిక్ ట్యాంకు పక్కన నిప్పురవ్వలు పడితే చిల్లే. బ్యాటరీ వైర్లు కూడా ముందే తీయించాడు. 40కి 40, 5 మిల్లీమీటర్ల మందం యాంగిల్ (L ఆకారపు ఇనుప కడ్డీ) తెప్పించి, ఛాసీకి అడ్డంగా మూడు ముక్కలు కోశాడు. ఆ సైజు మీటరుకు 3 కిలోలు తూగుతుంది. ఒక్కోటి మీటరున్నర కాబట్టి మొత్తం కలిపినా 14 కిలోలు దాటలేదు. ఛాసీ పొడవునా ఉండే ఛానల్ (C ఆకారపు ఇనుప దూలం)కు తూట్లు ఎక్కడ వెయ్యాలన్నప్పుడు మా బావమరిది, ‘కింది అంచుకే వేసేయొచ్చు కదన్నా, సులువు’ అన్నాడు. ‘పై అంచుకూ కింది అంచుకూ తూటు పెట్టగూడదు. బరువంతా ఆడే ఉంటాది. ఛానల్ నడుమ్మీదే పెట్టాల’ అని గట్టిగా చెప్పి, చివర్లకు క్లీట్లు (బోల్టు పట్టే చిన్న ఇనుప ముక్కలు) వెల్డింగ్ చేసిన యాంగిళ్లను ఛానల్ నిలువు ముఖానికి బోల్టులతో బిగించాడు. లాక్ నట్లు, వెడల్పాటి వాషర్లు వేశాడు. యాంగిళ్ల మీద 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, దాని మీద పాత లారీ ట్యూబు రబ్బరు పరిచి ట్యాంకు కూర్చోబెట్టాడు. దాంతో బరువు మూడు గీతల మీద కాకుండా పలక అంతటా పడుతుంది. పైపుకు కొంచెం వదులుగా కొత్త హోసు. చివర్న తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ రంగు.

రంగు ఆరేలోగా పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి వెళ్లాం. విజయనగర కాలపు పని. పైకప్పు లేకుండా ఆగిపోయిన గోపురాల మీద చెక్కడం దగ్గరికెళ్లి చూడాలి, జానెడు చోటు కూడా వదల్లేదు. పొద్దున ఉగ్గాని బజ్జి తాడిపత్రిలోనే తినండి. రాత్రికి దిగిన లాడ్జీ మాత్రం వద్దు: దుప్పట్లు మురికి, వేణ్నీళ్లు అడిగితే విసుగు. షెడ్డు బిల్లు సామానుతో సహా 4,000 రూపాయల లోపే. ఇంకో వెయ్యి అడిగినా సంతోషంగా ఇచ్చేవాణ్ని.

ఒక సంగతి ట్రైలర్ ఉన్న ప్రతివాళ్లూ గమనించాలి. మా ట్యాంకు ఇరుసుకు వెనక ఉంది. అక్కడ నీళ్లు నిండితే కారు కొక్కెం మీద బరువు తగ్గుతుంది. ఆ బరువు ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ఉండాలి. తగ్గితే వేగంలో వెనక భాగం ఊగుతుంది. అందుకే బరువైన సామాను ముందుకు సర్దుకున్నాం. సగం నిండిన ట్యాంకు ఇంకా చెడ్డది, నీళ్లు అటూ ఇటూ కొట్టుకుని పట్టీలను కుదుపుతాయి. పోతే నిండుగా, లేదంటే ఖాళీగా.

గండికోటలో హరిత హోటల్ గదులు శుభ్రంగా ఉన్నాయి, కుటుంబంతో వెళ్లేవాళ్లకు అదే నా సలహా. టెంట్లవాళ్లలో ఒకరు డబ్బు తీసుకుని మా ట్రైలర్‌కు చోటిచ్చారు గానీ, అర్ధరాత్రి దాకా పాటల మోత ఆపలేదు. పెన్న లోయ అంచుకు సూర్యోదయానికి ముందే వెళ్లండి. ఎర్ర బండల మీద వెలుగు పడేటప్పుడు జనం తక్కువ. అక్కడ కంచె లేదు, పిల్లల చెయ్యి వదలొద్దు. మాధవరాయ గుడి, జామా మసీదు, ధాన్యాగారం నడిచే దూరంలోనే ఉన్నాయి.

జమ్మలమడుగులో రాగి సంగటి, నాటుకోడి పులుసు తిని, అక్కడే ట్యాంకు నింపుకుని కొండెక్కాం. దిగాక మళ్లీ కింద దూరి స్పానర్ పెట్టి చూస్తే రెండు బోల్టులు పావు తిప్పు బిగిశాయి, పలక మాత్రం మట్టంగానే ఉంది. కొత్తగా బిగించిన వాటిని మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఒకసారి ఇలా చూసుకోవాలని పెద్దాయన ముందే చెప్పాడు.