పిండం గుండెలో పాపిల్లరీ కండరాలు: కోసి చూడటం మేలా, స్కాన్‌లో చూడటం మేలా?

గుండె కింది గదులైన జఠరికల లోపలి గోడ మీద మొనదేలిన చిన్న దిబ్బల్లా లేచి ఉండేవే పాపిల్లరీ కండరాలు. వాటి కొనల నుంచి సన్నటి దారాలు వెళ్లి కవాటాల రేకులను పట్టుకుంటాయి. జఠరిక ముడుచుకున్నప్పుడు ఆ రేకులు పై గది అయిన కర్ణిక వైపు తిరగబడకుండా ఆపేవి ఇవే. ఎడమ జఠరికలో రెండు, కుడి జఠరికలో మూడు అని పుస్తకంలో చదువుకుంటాం. పిండాల గుండెలు తెరిచి చూస్తే ఆ లెక్క అంత తేలిగ్గా కుదరదు.

ఆ తేడాలు ఎన్ని రకాలో తెలియాలంటే నేను డిసెక్షన్ వైపే ఉంటాను. తల్లిదండ్రుల అనుమతితో వచ్చిన 20 వారాల పిండం గుండె రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. భూతద్దం, సన్న కత్తెర, చాలా ఓపిక కావాలి. లోపల ఒకే మొదలు నుంచి రెండు మూడు తలలు చీలి ఉండొచ్చు. కొన మొనదేలకుండా చదునుగా ఉండొచ్చు. పక్కపక్క కండరాలను కలుపుతూ చిన్న వంతెన ఉండొచ్చు. కుడి జఠరికలో సెప్టమ్ (రెండు జఠరికల మధ్య గోడ) వైపు కండరం మరీ చిన్నది. కొన్ని గుండెల్లో అది కనిపించదు, దారాలు నేరుగా గోడ నుంచే వస్తాయి. ఒక మొదలుకు మూడు తలలుంటే ఒకటిగా లెక్కించాలా, మూడుగానా? ఇది ముందే తేల్చుకోకపోతే ఇద్దరి లెక్కలు ఎప్పటికీ కలవవు.

కానీ పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో బిగుసుకుపోయిన గుండె కొట్టుకోదు. కవాటం లీకవుతోందా అన్నది అది చెప్పలేదు. ఫీటల్ ఎకో, అంటే కడుపులోని బిడ్డ గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్, చెబుతుంది. నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకునే గుండెలో రేకుల కదలికనూ, రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్‌తో రక్తం వెనక్కి రావడాన్నీ చూడొచ్చు. ఎడమవైపు దారాలన్నీ ఒకే కండరానికి చేరే పారాచూట్ మైట్రల్ కవాటం లాంటి లోపాన్ని పుట్టకముందే అనుమానించే వీలుంది. అయితే చీలిన సన్న తలలు తెరమీద ఒకే ముద్దలా కనిపిస్తాయి. బిడ్డ పడుకున్న తీరు కుదరకపోతే అదీ కనిపించదు.

టిఫా స్కాన్ (గర్భం మధ్యలో బిడ్డ అవయవాలను చూసే స్కాన్) రిపోర్టులో 'గుండెలో తెల్ల చుక్క' అని చూసి టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. అది చాలావరకు పాపిల్లరీ కండరంలో చేరిన కాల్షియం రేణువులే. నూటికి మూడు నుంచి ఐదు గర్భాల్లో కనిపిస్తుంది. గుండె పనికి దానితో ఇబ్బంది ఉండదు. ఇంకే తేడా లేక, డౌన్ సిండ్రోమ్ స్క్రీనింగ్ కూడా బాగుంటే, ఆ చుక్క ఒక్కదాని కోసం ఉమ్మనీటి పరీక్ష దాకా వెళ్లనక్కర్లేదు. అంత చిన్న రేణువులను కత్తెర పట్టినవాడి కన్ను పసిగట్టలేదు, స్కానే పట్టిస్తుంది.

కడుపులో ఉన్న బిడ్డ సంగతి తేల్చడానికి ఎకోనే మేలు, అందులో నాకు సందేహం లేదు. ఆ ఎకో చేయబోయే పీజీ వైద్య విద్యార్థులను మాత్రం ముందు కొన్ని గుండెలు స్వయంగా తెరిచి చూడమంటాను. చీలిన తలలను ఒకసారి కళ్లారా చూసినవాళ్లు తెరమీది మసక నీడకు తొందరపడి జబ్బు పేరు రాయరు.