ముంబైలో సబ్యసాచి షాపుకి వెళ్ళొచ్చా, లెహంగా తిరగేసి మరీ చూశా

పోయిన నెల మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళికి ముంబై వెళ్ళినప్పుడు మధ్యలో ఒక రోజు ఖాళీ దొరికింది, అందరూ జుహూ బీచ్ అన్నారు, నేను మాత్రం ఫోర్ట్‌లో హార్నిమన్ సర్కిల్ దగ్గరున్న, పెళ్ళి బట్టలకి పేరున్న డిజైనర్ సబ్యసాచి షాపు చూడాల్సిందే అని పట్టుబట్టా. కూకట్‌పల్లిలో 14 ఏళ్ళుగా మగ్గం వర్క్ యూనిట్ నడుపుతున్నా, 4 మగ్గాలు, 7 మంది కారీగర్లు (సూది పని చేసేవాళ్ళు), పెళ్ళిళ్ళ సీజన్ వస్తే పొద్దున్నించి రాత్రి దాకా సూది ఆగదు. పెళ్ళికూతుళ్ళు వచ్చి ఫోన్ తీసి "ఆంటీ ఇలా కావాలి" అని చూపించే పది ఫోటోల్లో ఆరు సబ్యసాచివే ఉంటాయి. ఫోన్‌లో చూసి చూసి విసుగొచ్చింది, అసలు పని ఎలా ఉంటుందో దగ్గర్నించి ఒక్కసారైనా చూడాలని ఎన్నాళ్ళనించో ఉంది. అందుకే బట్టలు కొనేవాళ్ళ కోసం రాసే రివ్యూ కాదిది, బట్ట మీద పని చేసే మనిషి రాసే రివ్యూ అనుకోండి.

ముందు షాపు సంగతి. 1913లో కట్టిన బ్యాంక్ బిల్డింగ్ అది, రాతి బిల్డింగ్, బయట్నించి చూస్తే లోపల బట్టలు అమ్ముతారని ఎవరూ అనుకోరు. 2023లో తెరిచారు, 25 వేల చదరపు అడుగుల పైనే, నాలుగు అంతస్తులు. లోపల 100 షాండ్లియర్లు, 275 తివాచీలు, 3 వేల పుస్తకాలు, గోడలకి 150 బొమ్మలు, ఆ బొమ్మలన్నీ వాళ్ళ ఆర్ట్ ఫౌండేషన్‌లో ఆర్టిస్టులు వేసినవే. అంకెలు చదివితే గోలగోలగా ఉంటుందేమో అనిపిస్తుంది కానీ లోపలికి అడుగుపెట్టాక పాత జమీందారు ఇంట్లోకి పెద్దవాళ్ళు పడుకున్న టైంలో వెళ్ళినట్టు ఉంటుంది, మనకే గొంతు తగ్గిపోతుంది. నాతో వచ్చిన మా అక్క అయితే చెప్పులు విప్పాలా అని అడిగింది.

కొనేదాన్ని కాదని మొదట్లోనే చెప్పేశా. మగ్గం వర్క్ చేయిస్తాను, పని చూడ్డానికొచ్చాను అన్నా. అక్కడున్న అమ్మాయి మొహం మార్చలేదు, పైగా ఏ పని చూస్తారు మేడం, జర్దోసీనా (సన్నటి లోహపు తీగ కుట్టే పని), దారం పనా అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకే నేను సగం పడిపోయా. అమ్మే మనిషికి సరుకు గురించి తెలియడం మన దగ్గర ఎంత అరుదో పెళ్ళి షాపింగ్ చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ముదురు ఎరుపు వెల్వెట్ లెహంగా ఒకటి బల్ల మీద పరిచి చూపించింది. నేను ముందు పైవైపు చూడలేదు, అంచు పట్టుకుని లోపలివైపు చూపించమన్నా. మా వృత్తిలో పని బాగుందో లేదో చెప్పేది వెనకవైపే. లైనింగ్ కొంచెం పైకెత్తి చూపించింది, దారాలు వేలాడట్లేదు, డిజైన్‌లో ఒక ఆకు నించి ఇంకో ఆకుకి దారం లాక్కుపోలేదు, ఏ ఆకుకి ఆ ఆకు ముడి వేసి తెంపారు. ఇది రాస్తే చిన్న విషయంలా ఉంటుంది కానీ టైం మిగలాలంటే ఎవరైనా మొదట వదిలేసేది ఇదే, దారం లాక్కుంటూ పోతే పని రెండింతలు స్పీడుగా అవుతుంది, రెండుసార్లు కట్టుకోగానే ఆ లాగిన దారం ఏ గాజుకో తగులుకుని వరసంతా ఊడొస్తుంది.

తర్వాత పైవైపు తిప్పారు. జరీ రంగు గురించి చెప్పాలి. మన దగ్గర పెళ్ళికూతురు బ్లౌజ్ అంటే మెరిసిపోవాలి, ఫంక్షన్ హాల్ లైట్లలో చివరి కుర్చీలో వాళ్ళక్కూడా కనపడాలి. అక్కడ మెరుపు లేదు. అమ్మమ్మ బీరువాలో 40 ఏళ్ళున్న పట్టుచీర అంచు ఎలా ఉంటుంది, ఆ రంగు. దగ్గరగా చూస్తే ఒక్క ఆకులోనే నాలుగు రకాల జరీ ఉంది, కాడ దగ్గర నల్లబడ్డ స్ప్రింగ్ జర్దోసీ, మధ్యలో మ్యాట్ గోల్డ్, చివర కొంచెం రాగి రంగు, ఈనె కోసం సన్నటి దారంతో చైన్ స్టిచ్. దూరం నించి అదంతా ఒకే రంగులా కనిపిస్తుంది, కాకపోతే ఆకు చదునుగా లేదు, నిజంగా వంగినట్టుంది. నేను అదే ఆకుకి ఇన్నాళ్ళూ ఒకే గోల్డ్ వేయించి, కింద దూది పెట్టి లోడింగ్ చేయించి ఉబ్బెత్తుగా తెప్పించేదాన్ని. ఉబ్బు లేకుండా రంగుతోనే వంపు తెచ్చారు. అక్కడ పది నిమిషాలు నిలబడిపోయా, ఆ అమ్మాయి తొందర పెట్టలేదు. ఫోటో తీసుకోవచ్చా అని అడిగితే దగ్గర్నించి రెండు తీసుకోనిచ్చింది.

ధర గురించి అందరూ అడుగుతారు కాబట్టి, లక్షల్లోనే. అంత పెట్టాలా అంటే నా లెక్క చెప్తా. 2024లో న్యూయార్క్‌లో జరిగిన మెట్ గాలా ఫ్యాషన్ వేడుకకి ఆలియా భట్ కట్టుకున్న సబ్యసాచి చీర గుర్తుందా, వెనక 23 అడుగుల కొంగు ఉన్నది, దానికి 163 మంది కలిసి 1965 గంటలు పని చేశారని వాళ్ళే చెప్పారు. మా యూనిట్‌లో ఒక హెవీ బ్రైడల్ బ్లౌజ్‌కి ఇద్దరు కూర్చుంటే వారం పడుతుంది, అంటే దగ్గర దగ్గర 100 గంటలు. ఆ ఒక్క చీర అలాంటి 20 బ్లౌజుల పని. జరీ, బట్ట, కటింగ్, డిజైన్ గీసేవాళ్ళు, ఫెయిలైన శాంపిళ్ళు అన్నీ కలుపుకుంటే చేతిపనికి లక్షలెందుకవుతాయో నాకు అర్థమవుతుంది. పేరుకి కూడా డబ్బు తీసుకుంటారు, అది నిజమే, కానీ నేను చూసినంతలో పేరు ఒక్కటే అమ్మట్లేదు.

ఇదే ఇంకోవైపు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. రెండేళ్ళ క్రితం మా ఆడపడుచు కూతురికి సిటీలోనే ఒక బొటీక్‌లో "డిజైనర్ స్టైల్ ప్యూర్ మగ్గం వర్క్" అని 85 వేలకి లెహంగా అంటగట్టారు. ఇంటికి తెచ్చాక నాకు చూపించింది, తిరగేశా, లోపలంతా మిషన్‌లో కిందవైపు వేసే తెల్ల బాబిన్ దారం, కింద అంటించిన పేపర్ ముక్కలు ఇంకా చింపకుండా అలాగే ఉన్నాయి. పూర్తిగా కంప్యూటర్ వర్క్, అంటే మిషన్ కుట్టిన ఎంబ్రాయిడరీ, పైన అక్కడక్కడా నాలుగు కుందన్లు గమ్‌తో అంటించారు. కంప్యూటర్ వర్క్ తప్పని అనట్లేదు, 10 వేల బడ్జెట్‌లో అది మంచిదే, నేను కూడా చేయించి ఇస్తా, చెప్పి ఇస్తా. చేతిపని అని చెప్పి మిషన్ పని అమ్మితే కొన్నవాళ్ళ డబ్బు పోవడమే కాదు, నా మగ్గం మీద వారం రోజులు వంగి కూర్చునే వాడి కూలి కూడా దెబ్బతింటుంది, ఎందుకంటే రేపు వాళ్ళు నా దగ్గరికొచ్చి "అక్కడ ఇంతకే ఇచ్చారు" అంటారు. అందుకే ఎక్కడ కొన్నా, ఎంతకి కొన్నా, దయచేసి లోపలివైపు తిప్పి చూడండి. చూపించము అంటే లేచి వచ్చేయండి.

ఈ మధ్య మన డిజైనర్ల పేర్లు బయటి దేశాల్లో బాగా వినపడుతున్నాయి, వినపడాల్సిందే. సబ్యసాచి 1999లో కోల్‌కతాలో చిన్నగా మొదలుపెట్టి 2022లో న్యూయార్క్ క్రిస్టఫర్ స్ట్రీట్‌లో షాపు తెరిచారు. రాహుల్ మిశ్రా 2014లో మిలాన్‌లో డిజైనర్లకిచ్చే ఇంటర్నేషనల్ వూల్‌మార్క్ ప్రైజ్ కొట్టారు, ఇండియా నించి ఆయనే ఫస్ట్, 2020 జనవరిలో పారిస్ కుటూర్ వీక్‌లో (చేత్తో కుట్టే ఖరీదైన బట్టల షోలు) కూడా ఆయనే ఫస్ట్. 2021లో వైశాలి ఎస్, 2023లో గౌరవ్ గుప్తా అదే పారిస్ వీక్‌కి వెళ్ళారు, అదే ఏడు గ్రామీ మ్యూజిక్ అవార్డుల్లో అమెరికన్ సింగర్ కార్డీ బీ వేసుకున్న ఆ నీలం గౌను గౌరవ్ గుప్తాదే. మన హైదరాబాద్ గౌరంగ్ షా దారి వేరు, ఆయనకి పేరు తెచ్చింది జామ్దానీ, అంటే నేసేటప్పుడే డిజైన్‌ని బట్టలోకి తెచ్చే నేత. మనం సూది పని చేసే ఫ్రేముని కూడా మగ్గమే అంటాం, నేసేదాన్నీ మగ్గమే అంటాం కాబట్టి కస్టమర్లు రెండూ కలిపేస్తుంటారు, అవి వేరు వేరు పనులు, వేరు వేరు చేతులు.

వీళ్ళలో నాకు రాహుల్ మిశ్రా మీద ఎక్కువ గౌరవం, కారణం ఆయన ఎంబ్రాయిడరీ ఒక్కటే కాదు. ముంబై బస్తీల్లో ఇరుకు గదుల్లో పనిచేసే కారీగర్లు తిరిగి సొంతూళ్ళకెళ్ళి అక్కడే కూర్చుని పని చేసుకునేలా చెయ్యాలని ఆయన ఎప్పట్నించో చెప్తున్నారు, చేస్తున్నారు. మా కారీగర్లలో ముగ్గురిది బెంగాల్ హౌరా జిల్లా, ఒక్క గదిలో ఐదుగురు ఉంటారు, పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు చూస్తారు. వాళ్ళ ఊళ్ళోనే పని ఉంటే ఇక్కడికెందుకొస్తారు.

పారిస్ పెద్ద కంపెనీల ఎంబ్రాయిడరీ ముంబైలో జరగడం మాత్రం కొత్తేమీ కాదు, ఏళ్ళ తరబడి ఇక్కడ కుట్టి అక్కడ లేబుల్ వేస్తూనే ఉన్నారు, మా లైన్‌లో అందరికీ తెలుసు. 2023 మార్చి 30న డియోర్ వాళ్ళు గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర షో పెట్టి, చాణక్య అనే ముంబై సంస్థతో కలిసి చేస్తున్నామని అందరిముందూ చెప్పారు, ఆ సంస్థ ఎంబ్రాయిడరీ స్కూల్లో నేర్చుకున్న ఆడవాళ్ళు కుట్టిన పెద్ద తోరణాన్ని ఎంట్రన్స్‌లో కట్టారు. గుమ్మానికి కట్టే తోరణం! ఆ వీడియో మా యూనిట్‌లో అందరం ఒకే ఫోన్ చుట్టూ చేరి చూశాం.

నచ్చని విషయం కూడా ఉంది, దాచను. 2021లో సబ్యసాచి, హెచ్ అండ్ ఎం అనే విదేశీ రెడీమేడ్ బట్టల కంపెనీతో కలిసి తెచ్చిన కలెక్షన్ నిమిషాల్లో అయిపోయింది, మన చేతి ప్రింట్ల డిజైన్లు అందులో ఫ్యాక్టరీ ప్రింట్లుగా వచ్చాయి, ఆ పని అచ్చు వేసే చేతులకి దక్కి ఉండాల్సిందని చేనేత, హస్తకళల సంస్థలు బహిరంగ లేఖ రాశాయి. నేను ఆ లేఖ పక్షమే. సామాన్యులకి అందుబాటు ధరలో ఇవ్వాలంటే మిషన్ తప్పదు అని ఆయన వైపు మాట్లాడేవాళ్ళున్నారు, నిజమే కావచ్చు, కానీ అంత పేరున్న మనిషి ఒక్క వెయ్యి పీసులైనా బ్లాక్ ప్రింట్ వాళ్ళతో వేయించి పెట్టి ఉంటే ఎంతమంది ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఈ షాపులో వెల్వెట్ మీద అంత పని చూశాక ఇంకా ఎక్కువ అనిపించింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి, చర్చ్‌గేట్ నించి గానీ సీఎస్ఎంటీ నించి గానీ నడిచి వెళ్ళొచ్చు, ఫోర్ట్‌లో పార్కింగ్ తలనొప్పి కాబట్టి కార్ వద్దు. వీక్‌డేలో పొద్దున్నే వెళ్ళండి. కొనకపోయినా పర్లేదు, మొహమాట పడొద్దు, బ్లౌజ్ డిజైన్లు కాపీ కొట్టుకుందామని కాకుండా రంగులు చూడ్డానికి వెళ్ళండి. నాలాగా ఈ పనిలో ఉన్నవాళ్ళు అయితే ముంబై వెళ్ళినప్పుడు గేట్‌వే చూసినా చూడకపోయినా ఇది చూడండి. నా వైపు నించి 5కి 4న్నర.

తిరిగొచ్చాక ఆ రెండు ఫోటోలు మా పెద్ద కారీగర్‌కి చూపించా, 22 ఏళ్ళ సర్వీసు ఆయనది. ఫోటో వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎడమ ఆకు చూపించి, "దీదీ, ఇది, పక్కది ఒకే చెయ్యి కాదు, ఇద్దరు చేశారు, చూడండి ఇక్కడ స్ప్రింగ్ కుడికి వాలింది, ఇక్కడ ఎడమకి" అన్నాడు. నేను అక్కడ పది నిమిషాలు నిలబడి కూడా అది చూడలేదు. మర్నాడు మగ్గం మీద వెల్వెట్ ముక్క బిగించి నాలుగు రంగుల జరీ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు, ఆ ఒక్క ఆకుకి మూడు గంటలు పట్టింది. రాగి రంగు కొంచెం ఎక్కువైంది, విప్పి మళ్ళీ వేస్తున్నాడు.