నల్లమల "పాత రైలు దారి" సైకిల్ టూర్‌కి డబ్బులు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

ఈ టూర్ నడిపే మనిషి వచ్చే బ్యాచ్‌కి అడ్వాన్సులు వసూలు చేస్తున్నాడని నిన్న రాత్రే తెలిసింది. అందుకే ఆ టూర్ నుంచి ఇంటికొచ్చి ఒళ్లు నొప్పులు కూడా తగ్గకముందే కూర్చుని రాస్తున్నాను. ఫిర్యాదు ఇస్తున్నాం కాబట్టి పేరు రాయడం లేదు. ఆదివారం తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద సైకిల్ తొక్కే విజయవాడ, గుంటూరు వాళ్లలో ఆయన తెలియనివాళ్లు తక్కువ. సైకిల్ గ్రూపులన్నింటిలోనూ ఉంటాడు, అందరినీ అన్నా, సార్ అంటూ పలకరిస్తాడు. ఆ టూర్ పోస్టర్ మీ ఫోన్లలోకి కూడా వచ్చే ఉంటుంది.

మనిషికి 11,500. దాని మీద సైకిల్ డిపాజిట్ 3,000. గిద్దలూరు దాకా టెంపో, అక్కడి నుంచి నల్లమలలో పాత మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు వెడల్పుండే) రైలు దారి వెంట నంద్యాల, తర్వాత బనగానపల్లె, అవుకు మీదుగా ఎర్రమల కొండల్లో పడి గండికోట. గేర్ల టూరింగ్ సైకిల్, టెంటు, భోజనం, వెనకాలే నీళ్లూ మందులతో బండి. పోస్టర్‌లో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్నది మాత్రం "అటవీ శాఖ అనుమతితో" అన్న మాట. మేం డబ్బు కట్టింది ఆ మాట చూసే.

ఈ దారి అంటే మా ఇంట్లో ఎందుకంత ఆశో కొంచెం చెప్పాలి. గుంటూరు నుంచి గుంతకల్లు లైను 1880ల నాటిది, సదరన్ మరాఠా రైల్వే కాలంలో వేసిన మీటర్ గేజ్. నల్లమల దాటించడానికి అప్పట్లోనే కొండ తొలిచి సొరంగం వేశారు, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తైన వంతెన కట్టారు. 1990లలో దాన్ని వెడల్పు పట్టాల బ్రాడ్ గేజ్ చేసినప్పుడు ఘాట్‌లో కొత్త దారి తీసుకున్నారు, పాతది అడవికి వదిలేశారు. మా బాబాయి ఆ పాత లైను మీద కీమ్యాన్‌గా పనిచేశారు. సుత్తీ స్పానరూ భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట నడిచి, వదులైన బిగింపులు బిగించడం ఆయన డ్యూటీ. వానాకాలంలో కట్ట జారిందేమో చూడటానికి రాత్రిపూట లాంతరు పట్టుకుని నడిచిన రోజులు ఆయనకి ఇప్పటికీ జ్ఞాపకమే. రిటైరయ్యాక నాతో పాటు సైకిల్ మొదలుపెట్టారు. గుంటూరు నుంచి అమరావతి దాకా ఎండ ముదరకముందే వెళ్లొచ్చేస్తారు. పోస్టర్ చూడగానే ఆయన అడిగింది ఒక్కటే: "దొరబావి దగ్గర ఆపుతారా?" ఆ ప్రశ్న నేనే ఫోన్ చేసి అడిగాను. "ఆపడం కాదు సార్, బ్రేక్‌ఫాస్ట్ అక్కడే" అన్నాడు.

పాత రైలు దారి సైకిల్‌కి బాగుంటుందన్నది అబద్ధం కాదు. రైలుకి నిటారుగా ఎక్కడం కుదరదు కాబట్టి కొండల్లో కూడా దారిని మెల్లగా చుట్టు తిప్పుతూ తీసుకెళతారు. పట్టాలు తీసేస్తే పెద్దవాళ్లు కూడా ఆయాసపడకుండా తొక్కగలిగే దారి మిగులుతుంది. న్యూజిలాండ్‌లో ఒటాగో సెంట్రల్ రైల్ ట్రైల్ అలా తయారైందే. 2000లో తెరిచారు, 152 కిలోమీటర్లు, చెట్లు పెద్దగా లేని పొడి కొండల మధ్య సాగుతుంది. స్పెయిన్‌లో 1993 నుంచి వాడకంలో లేని లైన్లను ఒక్కొక్కటిగా ఇలా మారుస్తున్నారు. అండలూసియాలో ఒల్వేరా నుంచి ప్యుయెర్తో సెర్రానో దాకా 36 కిలోమీటర్ల దారిలో 30 సొరంగాలున్నాయి. ఈ కబుర్లన్నీ అతను మీటింగ్‌లో ఫొటోలు వేసి చెప్పాడు. అవన్నీ నిజాలే. అక్కడ ప్రభుత్వాలు డబ్బు పెట్టి దారి చదును చేశాయి, వంతెనలకు కంచెలు వేశాయి, సొరంగాల్లో దీపాలు పెట్టాయి. మన నల్లమలలో అలాంటి సైకిల్ దారి ఎవరూ వేయలేదు. అది పులులు తిరిగే అడవి. పాత కట్ట మీద ముళ్ల పొదలున్నాయి. కొత్త కట్ట మీద రైళ్లు నడుస్తున్నాయి. ఆ తేడా తెలిసి కూడా అతను ఒక్క ముక్క చెప్పలేదు.

గిద్దలూరులో టెంపో దిగి సైకిళ్లు చూడగానే సగం ప్రాణం పోయింది. టూరింగ్ సైకిళ్లు కావు, అద్దెకి తిప్పే మామూలు ఎంటీబీలు (మౌంటెన్ బైకులు). నా సైకిల్‌కి వెనక బ్రేక్ ప్యాడ్ అరిగి ఇనుము తగులుతోంది. బాబాయి సైకిల్‌కి ముందు చిన్న చక్రం మీదకి చైను పడదు, అంటే ఘాట్ ఎక్కడానికి కావాల్సిన గేరే లేదు. అడిగితే "దారి అంతా చదునే కదా సార్" అన్నాడు. ఇదంతా సర్దుకున్నాం. దీని కోసమైతే ఇంత పెద్ద పోస్టు రాసేదాన్ని కాదు.

దిగువమెట్ట దాటాక రోడ్డు వదిలి పాత లైను వైపు మట్టిదారిలోకి దిగాం. కాస్త దూరం వెళ్లేసరికి ఫారెస్ట్ వాళ్లు ఎదురొచ్చారు. ఒక బీట్ ఆఫీసరు, ఇద్దరు వాచర్లు. మర్యాదగానే అడిగారు, "ఎక్కడికండీ? పర్మిషన్ ఉందా?" అని. మేమందరం వెనక్కి తిరిగి బండి వైపు చూశాం. బండి ఆగింది. అతను దిగాడు. పొద్దున్నుంచి తన గ్రూపు పేరున్న టీషర్టుతో తిరుగుతున్న మనిషి, దిగేటప్పుడు దాని మీద జాకెట్ వేసుకుని జిప్ మెడ దాకా లాక్కున్నాడు. అంత ఎండలో. నేను కళ్లారా చూశాను.

దగ్గరకొచ్చి ఆ ఆఫీసరుతో అన్న మాటలు ఇవి, ఒక్క అక్షరం కూడా నేను కలపడం లేదు: "నేను బండి డ్రైవర్ని సార్. వీళ్లు గుంటూరు నుంచి వాళ్లంతట వాళ్లే వచ్చారు. సామాను మోయడానికి నన్ను మాట్లాడుకున్నారు. వద్దని చెప్పినా వినకుండా లోపలికి దిగారు."

మా అందరికీ నోరు పెగల్లేదు. మాలో ఇంజినీరింగ్ చదివే పిల్లలున్నారు, ఇంట్లో అమ్మానాన్నలకి "పర్మిషన్ ఉన్న టూర్" అని చెప్పి వచ్చినవాళ్లు. ఆ పిల్లల ముందు, మా ముందు, డబ్బు తీసుకున్న మనిషి మేమెవరో తెలియదన్నాడు. ఆఫీసరు మా పేర్లూ ఫోన్ నంబర్లూ పుస్తకంలో రాసుకున్నాడు. వన్యప్రాణి రక్షణ చట్టం 1972 కింద అనుమతి లేకుండా అభయారణ్యంలోకి దిగితే కేసు అవుతుందని చెప్పాడు. మా మీద కేసు పెట్టి ఉంటే? ఆ పిల్లల పాస్‌పోర్టులు, ఉద్యోగాలు ఏమయ్యేవి? డ్రైవర్నని చెప్పుకున్నవాడు బండెక్కి వెళ్లిపోయేవాడు.

గట్టెక్కించింది మా బాబాయి. ముందుకెళ్లి, తాను ఈ సెక్షన్‌లోనే కీమ్యాన్‌గా చేశానని, పాత రైల్వే కార్డు చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పారు. పోస్టర్ ఫోన్‌లో చూపించాను. ఆ ఆఫీసరు మంచివాడు. "పెద్దాయన ముఖం చూసి వదిలేస్తున్నా, రోడ్డు ఎక్కి వెళ్లిపోండి" అన్నాడు. దొరబావి వైపు చూపు కూడా పోనివ్వకుండా వెనక్కి తిరిగాం. బాబాయి ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన్ని నేను పిలుచుకొచ్చాను, నాకు ఆయన ముఖం చూడాలంటే కష్టమైంది.

రోడ్డు మీదకి వచ్చాక నిలదీశాం. "అలా చెప్పకపోతే అందరం ఇరుక్కునేవాళ్లం సార్, మీకోసమే చెప్పా" అన్నాడు. అనుమతి కాగితం చూపించమన్నాం. "అప్లై చేశాం, పెండింగ్‌లో ఉంది" అన్నాడు. దేనికి అప్లై చేశావు, ఏ ఆఫీసులో, ఎప్పుడు అంటే జవాబు లేదు. అక్కడి నుంచి నంద్యాల దాకా హైవే మీద లారీల పక్కన తొక్కించి, పక్కన కనబడే ట్రాక్ చూపించి "ఇదే సార్ రైలు దారి" అన్నాడు.

ఎర్రమల వైపు వచ్చాక ఇంకా ఘోరం. ఆ కొండల గురించి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. నాపరాళ్ల గనులు, తెల్లటి దుమ్ము, మైళ్ల కొద్దీ చెట్టు నీడ ఉండదు. కింద సున్నపురాయి వేడెక్కి ఆవిరి కొడుతుంది. చూడటానికి ఎంత బాగుంటుందో, నీళ్లు లేకుండా తొక్కడం అంత ప్రమాదం. అలాంటి చోట వెనకాలే ఉండాల్సిన బండి మధ్యాహ్నం కనబడలేదు. తుమ్మముళ్లకి టైర్లు వరుసగా పంక్చరయ్యాయి. ఇచ్చిన స్పేర్ ట్యూబులు 26 సైజువి, సైకిళ్లు 29వి. పంపు నాజిల్ ఆ వాల్వుకి పట్టదు. అవుకు దాటాక బాబాయికి కళ్లు తిరిగాయి. గనిలో పనిచేసే ఒక అమ్మ తన మధ్యాహ్నం కోసం తెచ్చుకున్న మజ్జిగ మొత్తం ఆయనకి తాగించింది, తడిగుడ్డ తలమీద వేసింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ సమయంలో మన టూర్ నాయకుడు నంద్యాలలో ఏసీ గదిలో ఉన్నాడని తర్వాత తెలిసింది. మేం ఆటో మాట్లాడుకుని కొలిమిగుండ్ల చేరి అక్కడి నుంచి బస్సెక్కాం. గండికోట చూడనే లేదు.

ఇంటికొచ్చాక డబ్బు వెనక్కి ఇవ్వమని ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టాను, బాబాయి పక్కనే ఉన్నారు. మొదట "ఫారంలో రూటు మారొచ్చని రాసి ఉంది చూసుకోండి" అన్నాడు. సైకిళ్లు మధ్యలో వదిలేశాం కాబట్టి డిపాజిట్ కూడా ఇవ్వనన్నాడు. పోనీ దొరబావి పేరు చెప్పి ఎందుకు డబ్బు తీసుకున్నావు, ఆయన దానికోసమే వచ్చారు కదా అంటే, "పెద్దాయనకి వంతెన చూడాలనుంటే యూట్యూబ్‌లో చూపించండి మేడమ్, ఈ వయసులో అడవులెందుకు" అన్నాడు. ఆ లైను నిలబెట్టడానికి ఎండావానా పడి నడిచిన మనిషితో అన్న మాట అది. బాబాయి లేచి బయటికి వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశాడు. డబ్బు పోయినందుకు కలిగిన కోపం తగ్గుతుందేమో, ఆ మాట మాత్రం నేను వదలను.

ఇంకొకటి. మాతో వచ్చిన అబ్బాయి ఒకడు పోస్టర్‌లోని సొరంగం ఫొటో ఇంటర్నెట్‌లో వెతికాడు. దీపాలు పెట్టిన నున్నటి దారి, "నల్లమలలో మన దారి" అని కింద రాసి ఉన్నది. అది స్పెయిన్ ఫొటో.

నల్లమల వైపు ఎవరు టూర్ అన్నా, డబ్బు కట్టకముందే అనుమతి కాగితం చూపించమని అడగండి. ఏ అటవీ రేంజికి, ఏ తేదీలకి, ఎవరి పేరు మీద ఇచ్చారో చదవండి. నడుస్తున్న ట్రాక్ మీద, సొరంగంలో తిప్పుతామంటే అసలే ఒప్పుకోకండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, ఆరు నెలల దాకా జైలు. మా దగ్గర డబ్బు గ్రూపు పేరుతో కాకుండా వేరే ఎవరి పేరునో ఉన్న యూపీఐకి వేయించుకున్నాడు, రసీదు లేదు. మీకూ అలాగే అడిగితే అక్కడే ఆగిపోండి. సైకిల్ కూడా ముందురోజే చూసుకుని, బ్రేకులు, చిన్న గేరు పరీక్షించి తీసుకోండి.

మేం 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాం, గుంటూరులో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం. 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు. ఇదివరకటి బ్యాచ్‌లలో వెళ్లి నష్టపోయినవాళ్లు ఉంటే పోస్టర్, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, వాట్సాప్ సంభాషణలు డిలీట్ చేయకుండా ఉంచి నాకు మెసేజ్ పెట్టండి, అందరి పేర్లూ కలిపి ఒకే ఫిర్యాదుగా ఇద్దాం. వచ్చే బ్యాచ్‌కి అడ్వాన్స్ కట్టినవాళ్లు మిగతా డబ్బు పంపకండి. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వమని ఈరోజే రాతపూర్వకంగా అడగండి.