కాన్సెప్ట్ పేపర్: ప్రశ్నలతో రాయడం మేలా, పట్టికతో మేలా?

కాన్సెప్ట్ పేపర్ అంటే, చేయబోయే పరిశోధననో ప్రాజెక్టునో కొద్ది పేజీల్లో పరిచయం చేసే కాగితం. అది రాయాలనగానే చాలామంది మొదట చేసే పని పాత ప్రపోజల్ ఒకటి సంపాదించడం. అందులోని శీర్షికలు అలాగే ఉంచి, కింద తమ విషయం నింపుకుంటూ పోతారు. నేపథ్యం రెండు పేజీలు, లక్ష్యాలు ఎనిమిది, చివర బడ్జెట్. చూడ్డానికి అన్నీ ఉంటాయి. చదివేవాళ్లకు మాత్రం ఇంతకీ వీళ్లు ఏం చేస్తామంటున్నారో అంతుపట్టదు.

నా మొదటి కాన్సెప్ట్ పేపర్ గతి ఇదే అయింది. 12 పేజీలు పంపితే, "మీరు తేల్చాలనుకున్నదేమిటో ఒక్క వాక్యంలో రాసి పంపండి" అని ఒక్క లైను జవాబొచ్చింది. ఆ వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. అప్పటినుంచి పాత ప్రపోజల్ జోలికి పోకుండా రెండు పద్ధతులు వాడుతున్నాను. ఒకటి, వరుసగా కొన్ని ప్రశ్నలకు జవాబులు రాయడం. రెండోది, పట్టిక కట్టడం. రెండూ పనికొచ్చేవే, కానీ ఒకదాని పని ఇంకోటి చెయ్యదు.

ఏది మేలో చూసే ముందు ఒక సంగతి. ప్రపోజల్ "ఈ పనికి డబ్బివ్వండి" అని అడుగుతుంది. కాన్సెప్ట్ పేపర్ అడిగేది అంతకంటే చిన్నది: "ఈ పని గురించి ఇంకాస్త వినండి." చదివేది గైడ్ అయినా, నిధులిచ్చే సంస్థ అయినా, దీని మీద ఇంకా సమయం పెట్టొచ్చా లేదా అన్నదే వాళ్లు తేల్చుకుంటారు. సాధారణంగా రెండు నుంచి ఐదు పేజీలు అందుకు చాలు.

ప్రశ్నల పద్ధతిలో బాగా పేరున్నవి జార్జ్ హైల్‌మయర్ ప్రశ్నలు. ఆయన లిక్విడ్ క్రిస్టల్ డిస్‌ప్లేల మీద పనిచేసిన ఇంజినీరు. 1975 నుంచి 1977 దాకా అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పాకు డైరెక్టర్‌గా ఉన్నారు. ముందుకొచ్చిన ప్రతిపాదనలను ఈ ప్రశ్నలతో జల్లెడ పట్టేవారు. ఏం చేయబోతున్నారు, పరిభాష ఒక్క ముక్క లేకుండా చెప్పండి. ఆ పని ఇప్పుడు ఎలా జరుగుతోంది, ఎక్కడ ఆగిపోతోంది? మీ పద్ధతిలో కొత్తదేమిటి, అది ఫలిస్తుందని ఎందుకనుకుంటున్నారు? ఫలిస్తే ఎవరికి ఏం ఒరుగుతుంది? ఎక్కడ దెబ్బతినే ప్రమాదం ఉంది? ఎంత ఖర్చు, ఎంత కాలం? అనుకున్నది జరిగిందని తెలియడానికి మధ్యలో ఏ పరీక్ష, చివర్లో ఏ పరీక్ష? డార్పా ఇప్పటికీ వీటిని వాడుతోంది.

వీటన్నిటిలో మొదటిదే గట్టి ప్రశ్న. ఒక ఉదాహరణ తీసుకుందాం. "సమగ్ర సామర్థ్యాభివృద్ధి ద్వారా సుస్థిర తాగునీటి వ్యవస్థల బలోపేతం" అని రాస్తే తప్పు పట్టడానికేమీ ఉండదు, ఎందుకంటే అందులో పట్టుకోవడానికే ఏమీ లేదు. పరిభాష తీసేసి చెప్పమంటే ఇలా వస్తుంది: "పాడైన చేతిపంపును వారంలోగా బాగుచేసేలా ప్రతి ఊళ్లో ఇద్దరికి పని నేర్పిస్తాం." ఇప్పుడు చదివేవాళ్లు అడగడానికి దారి దొరికింది. వారమే ఎందుకు? ఇద్దరే ఎందుకు? ఇప్పుడెన్నాళ్లు పడుతోంది? అలా అడిగారంటే వాళ్లు మన పనిలోకి వచ్చినట్టే.

"ఇప్పుడు ఎలా జరుగుతోంది" అన్న ప్రశ్న కూడా గదిలో కూర్చుని రాయనివ్వదు. ఇప్పుడు పంపు ఎవరు బాగుచేస్తున్నారు, ఎంత దూరం నుంచి వస్తున్నారు, డబ్బు ఎవరిస్తున్నారు అని వెళ్లి కనుక్కోవాల్సిందే.

అయితే ఈ పద్ధతికి ఒక లోపముంది. జవాబులు వాక్యాల్లో ఉంటాయి కాబట్టి, బాగా రాయగలిగిన చెయ్యి అతుకులు కనపడకుండా కప్పేస్తుంది. ఒక పని నుంచి ఒక ఫలితానికి నిజంగా దారి ఉందా, లేక "తద్వారా" అన్న మాటతో దాటేశామా అన్నది తెలియదు. నా డ్రాఫ్టుల్లో "తద్వారా" కనిపిస్తే ఇప్పటికీ అక్కడ ఆగి చూస్తాను.

పట్టిక బలం సరిగ్గా అక్కడే. లాగ్‌ఫ్రేమ్ అని పిలిచే ఈ పట్టిక 1969లో అమెరికా అభివృద్ధి సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ కోసం తయారైంది. నిలువునా, కింది నుంచి పైకి నాలుగు మెట్లు: పనులు, వాటితో చేతికొచ్చే ఫలితాలు, ప్రాజెక్టు ఉద్దేశం, అంతిమ లక్ష్యం. ఒక్కో మెట్టుకు అడ్డంగా నాలుగు గడులు: చెప్పదలచుకున్నది, దాన్ని కొలిచే సూచిక, ఆ కొలత ఎక్కడ దొరుకుతుంది, మన చేతుల్లో లేని షరతులేమిటి. మొత్తం 16 గడులు. కింది నుంచి పైకి చదవాలి. ఈ పనులు చేసి, ఈ షరతులు నిలిస్తే, ఈ ఫలితాలొస్తాయి. ఫలితాలొచ్చి, ఆ షరతులు నిలిస్తే, ఉద్దేశం నెరవేరుతుంది.

మన చేతిపంపును ఇందులో పెట్టి చూద్దాం. పనులు: శిక్షణ, పనిముట్ల పెట్టె. ఫలితం: ఊళ్లో పని తెలిసినవాళ్లు ఇద్దరు. ఉద్దేశం: పాడైన వారంలోగా పంపులో మళ్లీ నీళ్లు. సూచిక సులువే, పాడైన రోజు నుంచి బాగైన రోజు దాకా లెక్క. ఆ లెక్క ఎక్కడ దొరుకుతుంది? అక్కడ కలం ఆగిపోతుంది. పంపు పాడైన తేదీ ఎవరూ రాసిపెట్టడం లేదు. కాబట్టి ఒక రిజిస్టరు పెట్టి, రాసేవాళ్లను చూసుకోవడం కూడా పనుల్లో చేరాలి. ఇక చివరి గడి, షరతులు. విడిభాగాలు దొరకాలి. ఎంత బాగా నేర్పించినా, చేతిలో వాషరు లేకపోతే పంపు అలాగే పడుంటుంది. వాక్యాల్లో రాసినప్పుడు శిక్షణ ప్రాజెక్టులా కనిపించింది, పట్టికలో పెట్టేసరికి సగానికి సగం విడిభాగాల ప్రాజెక్టని తేలింది.

ఇక్కడే ఒక పాత పొరపాటు గురించి చెప్పాలి. "శిక్షణ పొందిన మెకానిక్‌లు లేకపోవడమే సమస్య" అని రాస్తుంటారు. మన దగ్గరున్న పరిష్కారం అక్కడ లేకపోవడాన్ని సమస్య అనకూడదు. పంపు పాడైతే నెలల తరబడి నీళ్లు రాకపోవడం సమస్య. మొదటి వాక్యం రాసేస్తే వాషరు సంగతి ఎప్పటికీ బయటపడదు, ఎందుకంటే జవాబు అప్పటికే నిర్ణయమైపోయింది.

మరి పట్టిక అంత మంచిదైతే దాన్నే కాన్సెప్ట్ పేపర్‌గా పంపొచ్చు కదా? పంపకండి. ముక్కలు ముక్కలుగా ఉన్న గడులు చదివి ఎవరికీ పని మీద నమ్మకం కుదరదు. ఇది ఎందుకు, ఇప్పుడే ఎందుకు అన్నది చెప్పడానికి అందులో చోటే లేదు.

పరిశోధన విషయానికొస్తే పట్టిక ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఏం తేలుతుందో ముందే తెలిస్తే పరిశోధనే అక్కర్లేదు. గడి ఖాళీగా ఉంచలేక "రెండు పేపర్ల ప్రచురణ" అని సూచిక రాస్తారు. పేపర్లు వచ్చినంత మాత్రాన ప్రశ్నకు జవాబు దొరికినట్టు కాదు. అందుకే పరిశోధనకు నా ఓటు ప్రశ్నల పద్ధతికే. "చేతిపంపుల మరమ్మతుపై అధ్యయనం" అనే బదులు, "పని నేర్పించిన ఊళ్లలో పంపు ఆగిపోయిన రోజులు, నేర్పించని ఊళ్లకంటే తక్కువా?" అని అడగండి. దీనికి "కాదు" అన్న జవాబు కూడా రావచ్చు. అలా రావడానికి వీలుంటేనే అది పరిశోధన ప్రశ్న. సాహిత్య సమీక్ష, అంటే ఆ విషయం మీద ఇంతకుముందు వచ్చిన పరిశోధనల సమీక్ష కూడా, "ఇప్పుడు ఎలా జరుగుతోంది" అన్న రెండో ప్రశ్నకు జవాబుగా రాస్తే దారిలో పడుతుంది. ఎవరెవరు ఏం రాశారన్న జాబితాతో పనిలేదు, ఎవరు ఎక్కడిదాకా వచ్చి ఆగారో చెబితే చాలు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు పంపే దరఖాస్తుల్లో "స్పెసిఫిక్ ఎయిమ్స్" అని ఒకే ఒక్క పేజీ ఉంటుంది. అది రాసేవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే జాగ్రత్త ఒకటుంది: రెండో లక్ష్యం పూర్తిగా మొదటిదాని గెలుపు మీద ఆధారపడకూడదు. మొదటి ఏడాది ఊహ తప్పని తేలితే తర్వాత చేయడానికి ఏముంటుందని చదివేవాళ్లు ముందే చూస్తారు. పీహెచ్‌డీ సినాప్సిస్ రాసేవాళ్లకూ ఇది అంతే వర్తిస్తుంది.

క్షేత్రంలో చేసే ప్రాజెక్టులకైతే రెండూ కావాలి, వరుస మాత్రం ముఖ్యం. ముందు ప్రశ్నలకు జవాబులు రాయండి. ఆ తర్వాత పట్టికలో పెట్టి అతుకులు చూసుకోండి. బయటపడిన లోపాలు సరిదిద్ది పేపర్ తిరగరాయండి. పట్టికను వాళ్లు అడిగితేనే జతచేయండి.

ముందు పూర్తి ప్రపోజల్ రాసి దాన్ని కుదించే మూడో దారి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 30 పేజీలు మూడైతే అన్నీ ఉంటాయి, తలా రెండు వాక్యాలుగా. తొలి దశ పని పూర్తయి, చేతిలో లెక్కలున్నవాళ్లకు తప్ప ఇది కలిసిరాదు. ఇక నిధులిచ్చేవాళ్లు సొంత ఫారం ఇస్తే దాన్నే పాటించాలి. అందులో నింపేది మాత్రం ఈ ప్రశ్నల జవాబులే.

ఒక్కోసారి ఒకే పేజీ అంటారు. టెన్షన్ పడక్కర్లేదు. ఏం చేయబోతున్నారో ఒక వాక్యం, ఇప్పుడు పని ఎక్కడ ఆగిపోతోందో ఒక పేరా, మీ పద్ధతిలో కొత్తదేమిటో, చివరి పరీక్ష, మొత్తం ఖర్చు, కాలం, ఇవి ఉంచండి. మీ సంస్థ చరిత్ర రెండు లైన్లకు దించండి. ఆ పేజీని ఈ రంగంతో సంబంధం లేని మనిషికి చదివి వినిపించి, వాళ్లకేం అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పమనండి. వాళ్లు చెప్పింది మీ మొదటి వాక్యం పక్కన రాసి చూడండి. నేను చాలాసార్లు నా వాక్యం కొట్టేసి వాళ్లదే ఉంచాను.